నీచు లేని రోజున కూడా కంచం ఖాళీ కావాలంటే

మా మామయ్యగారికి నీచు లేనిదే ముద్ద దిగదు. మా ఆయన అంబాజీపేటలో కొబ్బరికాయల వలుపు పనికి వెళ్తారు, మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి ఆయనకు పక్కవాళ్ల మాట కూడా వినిపించనంత ఆకలి. పెద్దవాడు ఇంటర్ చదువుతూ కబడ్డీ ఆడతాడు. చిన్నది తినేది తక్కువ, వంకలు పెట్టేది ఎక్కువ. అత్తయ్యగారితో, నాతో కలిపి ఆరుగురం. ఆదివారం కోడికూర, వారం మధ్యలో చెరువు చేప, అప్పుడప్పుడు వంకాయలోనో తోటకూరలోనో నాలుగు ఎండు రొయ్యలు. ఇదీ మా ఇంటి తిండి.

అయినా లెక్క చూస్తే నీచు వండని రోజులే ఎక్కువ. శనివారాలున్నాయి, కార్తీక మాసం ఉంది, జీతం డబ్బులు అడుగంటే నెలాఖరు ఉంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు సముద్రంలో వేట నిషేధం. ఆ రోజుల్లో సముద్రపు చేప దొరకదు, అది చూసి చెరువు చేప కూడా బెట్టు చేస్తుంది. పుస్తెలమ్మైనా పులస తినాలని చెప్పిన పెద్దలు, పుస్తెలమ్మేశాక మిగతా నెల ఏం తినాలో మాత్రం చెప్పలేదు. ఆ సంగతే నేను చెబుతున్నాను. మా తోటికోడలు ఫోనులో ఎప్పుడూ ఇదే అడుగుతుంది కాబట్టి, ఇదంతా ఆమెకు చెప్పినట్టే చెబుతాను.

ముందు ఒక మాట. చేప వండే రోజున మనం ఉల్లిపాయను ఎర్రగా వేయిస్తాం. ధనియాలు, జీలకర్ర దోరగా వేయించి నూరతాం. నూనె పైకి తేలేదాకా పొయ్యి దగ్గరే నిలబడతాం. శనివారం వచ్చేసరికి అదే చేత్తో బీరకాయ ముక్కలు నీళ్లలో పడేసి, ఉప్పు, కారం చల్లి దింపేస్తాం. పులుసూ మసాలా చేపకే, తొందర మాత్రం బీరకాయకు. ఆ తర్వాత ఇంట్లోవాళ్లు తినడం లేదని బాధపడతాం. చేపకు పెట్టిన ఖర్చు మిగుల్చుకోండి, చేపకు పడిన శ్రమ మాత్రం మిగుల్చుకోకండి. నేను చెప్పబోయే వంటలన్నీ ఈ ఒక్క మాట మీదే నడుస్తాయి.

పప్పు కొలత

నీచు తినే మనిషి కడుపు నిండాలంటే కంచంలో మూడుండాలి. ఒకటి గట్టి పప్పు, రెండోది పళ్లకు పని చెప్పే ముక్క, మూడోది అన్నం తడిపే పులుసో చారో. ముక్క, పులుసు ఒకే కూరలో కుదిరితే రెండు వంటలు చాలు. పప్పు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ తగ్గకూడదు.

చాలా ఇళ్లలో ఆరుగురికి గుప్పెడు కందిపప్పు వేసి, నీళ్లు పోసి సాగదీస్తారు. అది తిన్నవాళ్లు సాయంత్రం నాలుగింటికల్లా మళ్లీ వంటింట్లోకి వస్తారు, బజ్జీల బండికి డబ్బులు వదులుతాయి. నేను ఆరుగురికి పావుకిలో వేస్తాను. కందిపప్పు నూరు గ్రాముల్లో సుమారు 22 గ్రాముల మాంసకృత్తులుంటాయి. పెసరపప్పు, శనగపప్పు కూడా దాదాపు అంతే. అంటే మనిషికి నలభై గ్రాముల పప్పు పడితే అందులోంచే తొమ్మిది గ్రాములు వస్తాయి, మిగతాది అన్నం, పెరుగు చూసుకుంటాయి. కందిపప్పు ధర ఎగిరినప్పుడు సగం కంది, సగం పెసర కలపండి. పప్పు ఎక్కువ కనపడాలంటే ఆనపకాయో దోసకాయో తోటకూరో వేయండి, నీళ్లు మాత్రం పోయకండి.

ముద్దపప్పుకైతే కందిపప్పును పొడి మూకుడులో కమ్మటి వాసన వచ్చేదాకా వేయించాలి. ఉడికాక పైన తేరుకున్న కట్టు పారబోయకుండా, దానిలోనే చింతపండు రసం, రెండు పచ్చిమిరపకాయలు, ఇంగువ పోపు వేస్తే చారు తయారవుతుంది. ముద్దపప్పు, ఆవకాయ, ఒక చుక్క నెయ్యి, పక్కన వేయించిన గుమ్మడి వడియం ఉంటే మా మామయ్యగారు కూడా కూర ఏదని అడగరు.

బియ్యం గురించి కూడా ఒక ముక్క. మేం తినేది స్వర్ణ. మార్టేరు పరిశోధన స్థానం 1982లో విడుదల చేసిన ఎం.టి.యు. 7029 అంటే అదే. సన్నబియ్యం మోజులో ఇప్పుడు చాలామంది దాన్ని వదిలేశారు. పులుసు పీల్చుకోవడంలో గానీ, మర్నాటి చద్దన్నానికి గానీ నాకు స్వర్ణ అన్నమే నచ్చుతుంది. బస్తా మీద మిగిలిన డబ్బు పప్పులోకి వెళ్తుంది.

చేమదుంపల పులుసు, అచ్చం చేపల పులుసులాగే

మా ఇంట్లో శనివారాన్ని గట్టెక్కించిన వంట ఇదే, కాబట్టి వివరంగా చెబుతాను.

ఆరుగురికి ముప్పావు కిలో చేమదుంపలు. మరీ పెద్దవి వద్దు, బొటనవేలంత లావున్నవి ఏరుకోండి. మట్టి పోయేలా కడిగి, తొక్కతోనే ఉడికించాలి. కత్తి మొన గుచ్చితే కాస్త బిగువుగా దిగాలి. మెత్తగా ఉడికితే పులుసులో చితికి గంజి అవుతాయి. చల్లారాక తొక్క తీసి, నిలువుగా రెండేసి ముక్కలు చేసి, పసుపు, ఉప్పు, కారం పట్టించండి. ఇనప పెనం మీద రెండు చెంచాల నూనె వేసి, ముక్కల రెండు వైపులా ఎర్రటి పొర కట్టేదాకా కాల్చండి. చేమదుంప అంటే ముఖం తిప్పేవాళ్లకు దాని జిగురే అభ్యంతరం. ఈ పొర కట్టాక ఆ జిగురు పులుసులోకి రాదు. పైగా ముక్కకు నమిలే గుణం వస్తుంది. ఈ పని మానేస్తే మిగతా వంట ఎంత బాగా చేసినా ఫలితం ఉండదు.

పులుసు సంగతి. పెద్ద నిమ్మకాయంత చింతపండు నానబెట్టండి. రెండు చెంచాల ధనియాలు, చెంచా జీలకర్ర, పావు చెంచా మెంతులు విడివిడిగా వేయించి, పది వెల్లుల్లి రెబ్బలతో కలిపి నూరండి. మెంతులు మాడితే కూరంతా చేదు, జాగ్రత్త. మూడు ఉల్లిపాయల్లో రెండు ముద్దగా నూరి, ఒకటి సన్నగా తరగండి. చేపలు వండే మట్టి దాక ఉంటే అదే పొయ్యి మీద పెట్టండి, లేకపోతే వెడల్పాటి గిన్నె. నూనె కాగాక తరిగిన ఉల్లిపాయ, చీల్చిన పచ్చిమిరపకాయలు, కరివేపాకు, ఆ తర్వాత ఉల్లి ముద్ద. నూనె విడిచేదాకా వేయించడానికి పావుగంట పడుతుంది. ఇక్కడే అందరికీ ఓపిక చచ్చిపోతుంది. నిలబడండి. చేపకైతే నిలబడేవారే కదా.

తర్వాత రెండు చెంచాల కారం, నూరిన మసాలా, చింతపండు రసం, రెండు గ్లాసుల నీళ్లు. పచ్చివాసన పోయి పులుసు కాస్త చిక్కబడ్డాక ముక్కలు జారవిడిచి, సన్న సెగ మీద పది నిమిషాలు ఉంచండి. గరిటె పెట్టకండి. గుడ్డతో దాక అంచులు పట్టుకుని తిప్పితే చాలు. దింపేముందు కొత్తిమీర.

మామిడికాయల కాలంలో చింతపండు సగానికి తగ్గించి నాలుగు పుల్లటి మామిడి ముక్కలు వేస్తాను. పొద్దున వండి మధ్యాహ్నం వడ్డించాలి. వేడివేడిగా వడ్డిస్తే ముక్క చప్పగా ఉంటుంది, పులుసు పట్టడానికి నాలుగు గంటలైనా కావాలి. ఇదే పులుసులో లేత వంకాయలు నాలుగు పక్షాలుగా చీల్చి, నూనెలో వేయించి వేసినా బాగుంటుంది. బెండకాయ కూడా వేయవచ్చు, అయితే దాన్ని ముందు విడిగా ఎండు వేపుడులా వేయించి తీరాలి. ఆనపకాయ వేయకండి. దానికి ఈ ఘాటు నప్పదు. పాలు పోసి వండుకుంటే ఆనపకాయ మర్యాద ఆనపకాయకు దక్కుతుంది.

అరటికాయ పుట్టు

సొరచేపను పొడిపొడిగా వండే సొరపుట్టు ఇష్టపడే ఇల్లయితే ఈ వంట నేర్చుకోండి. రావులపాలెం అరటి మార్కెట్ మనకు దగ్గర్లోనే ఉంది, ఊళ్లో ఏదో ఒక పెరట్లో గెల దిగుతూనే ఉంటుంది. గెల చివర ఉండే చిన్న హస్తాలు పండ్ల వ్యాపారికి అక్కరలేదు, కాబట్టి అవి చవకగా వస్తాయి. కూరకు బొంత అరటి మేలు.

ఆరు కాయల్ని తొక్కతోనే రెండేసి ముక్కలు చేసి, పసుపు, ఉప్పు, ఒక చింతపండు రెబ్బ వేసిన నీళ్లలో ఉడికించండి. లోపల కొంచెం గట్టిగా ఉండగానే దింపాలి. చల్లారాక తొక్క తీసి చేత్తో పొడిపొడిగా చిదపండి, ముద్ద చేయకండి. నాలుగు ఉల్లిపాయలు, ఎనిమిది పచ్చిమిరపకాయలు సన్నగా తరిగి నూనెలో మెత్తబడేదాకా వేయించి, అల్లంవెల్లుల్లి ముద్ద, కరివేపాకు, తర్వాత అరటి పొడి. సన్న సెగ మీద తడి ఆరేదాకా కలుపుతూ ఉండాలి. మిరియాల పొడి, చివర్లో నిమ్మరసం. మా పెద్దవాడు దీన్ని పప్పుచారుతో రెండు వాయిలు తింటాడు. సొర రుచి వస్తుందని చెప్పను, రాదు. పొడిపొడిగా వేగిన ఆ ఉల్లిపాయ, పచ్చిమిర్చి ఘాటు మాత్రం వస్తుంది, మావాడికి కావలసింది అదేనని వాడు తినే తీరు చూస్తే తెలుస్తుంది.

గెల కొట్టిన అరటి చెట్టు దూట, అంటే కాండం లోపలి భాగం, ఊరికే పోతుంటుంది, అడిగితే ఇస్తారు. పై పొరలు తీసేసి, లోపలి తెల్లటి భాగాన్ని చక్రాలుగా కోస్తూ, ప్రతి చక్రానికీ వచ్చే పీచును వేలికి చుట్టి లాగేయాలి. ముక్కలు నల్లబడకుండా మజ్జిగ నీళ్లలో వేయండి. పెసరపప్పు కలిపి వండి, ఆవ, అంటే నూరిన ఆవాల ముద్ద, పెట్టండి. ఖర్చు పోపు గింజలంతే. పని మాత్రం ఉంది, నిజమే.

కంద

మన కొబ్బరి తోటల నీడలో కంద బాగా పండుతుంది. కోసేటప్పుడు చేతులకు నూనె రాసుకోండి. కందలో సూదుల్లాంటి సన్నటి స్ఫటికాలుంటాయి, దురద వాటివల్లే. ఉడికించే నీళ్లలో చింతపండు వేస్తే గొంతు పట్టదు. తవ్విన వెంటనే వండటం కంటే కొన్నాళ్లు ఆరబెట్టి వండటం మంచిది.

దీన్ని రెండు రకాలుగా చేస్తాను. మొదటిది మాంసం కూరలాగా. అంగుళం మందాన ముక్కలు కోసి, పసుపు, ఉప్పు, చింతపండు నీళ్లలో ముప్పాతిక వంతు ఉడికించి, నీళ్లు వార్చేసి, నూనెలో అంచులు ఎర్రబడేదాకా వేయించాలి. ఉల్లి, అల్లంవెల్లుల్లి, ధనియాలు, లవంగాలు, చెక్క, గుప్పెడు ఎండుకొబ్బరి కలిపి నూరి వేయించిన మసాలాలో ఆ ముక్కలు పడేయండి. కంద ముక్క మసాలాను తట్టుకుని నిలబడుతుంది. బంగాళదుంప చితికిపోతుంది.

రెండోది కంద బచ్చలి. పోలాల అమావాస్యకు కంద మొక్కకు పూజ చేసి వండుకునే కూర కాబట్టి ఇది మా అత్తయ్యగారి పేటెంటు. అరకిలో కంద, రెండు కట్టల బచ్చలి కలిపి ఉడికించి, మెదిపి, చింతపండు గుజ్జు వేసి దగ్గరపడనివ్వాలి. శనగపప్పు, మినప్పప్పు, ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువతో పోపు. ఆవాలు చెంచాన్నర, రెండు నానిన ఎండుమిరపకాయలు, కాస్త ఉప్పుతో మెత్తగా నూరి, కూర దింపి గోరువెచ్చగా అయ్యాక కలపాలి. పొయ్యి మీద ఉండగా కలిపితే చేదెక్కుతుంది. ముక్కుకు తగిలే ఆ ఘాటుకే నీచు ప్రియులు లొంగుతారు. ఎండు రొయ్యల వాసనను శాకంలో తేవాలని రకరకాల పొడులు చల్లేవాళ్లున్నారు. అది జరిగే పని కాదు. దానికి బదులు ఆవ, ఇంగువ, మాడకుండా ఎర్రగా వేగిన వెల్లుల్లి, వీటిలో ఏదో ఒకటి గట్టిగా ఉండేలా చూడండి.

కొన్నవీ కొనకూడనివీ

మిల్‌మేకర్ గురించి పట్నం వంట అని పెద్దవాళ్లు ముక్కు విరుస్తారు గానీ, డబ్బుకు తగిన బలం అందులో ఉంది. బరువులో దాదాపు సగం మాంసకృత్తులే. నూట యాభై గ్రాములు ఆరుగురికి సరిపోతాయి, నానితే అంత ఉబ్బుతాయి. ఉప్పు వేసిన మరిగే నీళ్లలో ఐదు నిమిషాలు ఉంచి, చన్నీళ్లలో వేసి గట్టిగా పిండాలి. ఇలా రెండుసార్లు చేస్తేనే ఆ పిండి వాసన పోతుంది. తర్వాత పెరుగు, కారం, అల్లంవెల్లుల్లి పట్టించి అరగంట ఉంచి, కోడికూర మసాలాలో వండి, చివర్లో అరచిప్ప కొబ్బరి పాలు పోయండి. కొబ్బరికి మనకేం లోటు. వారానికి ఒకసారికి మించి పెట్టకండి, పిల్లలు పసిగడతారు.

పనసపొట్టు సంగతి చెప్పకపోతే గోదావరి వాళ్లు ఊరుకోరు. ఆవ పెట్టిన పనసపొట్టు కూర, లేత పనస ముక్కల బిర్యానీ రెండూ గొప్పవే. పెరట్లో చెట్టుంటే సరే, లేకపోతే కొట్టి ఇచ్చిన పొట్టు ధర చూశాక ఇది చవక తిండి జాబితాలోకి రాదు. చుట్టాలొచ్చినప్పుడు చేసుకోండి. పనీరు, పుట్టగొడుగులు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. కార్తీకంలో ఊరంతా ఒక్కసారిగా కూరగాయల మీద పడుతుంది కాబట్టి వంకాయ, బెండకాయ ధరలు చూసి బెంబేలెత్తకుండా దుంపలు, పప్పుల మీద నడపండి.

పెరుగు మానకండి. వారంలో రెండు రోజులు చేప తినేవాళ్లకు భయం లేదు గానీ, నెలల తరబడి నీచు ముట్టనివాళ్లకు బి12 విటమిన్ పాలు, పెరుగు, మజ్జిగల నుంచే రావాలి. ఆకుకూరల్లో, పప్పుల్లో అది ఉండదు.

రాత్రికి

మధ్యాహ్నం పులుసు మిగిలిందంటే రాత్రికి మినప రొట్టె వేస్తాను. గ్లాసు మినప్పప్పు నాలుగు గంటలు నానబెట్టి రుబ్బి, రెండు గ్లాసుల బియ్యపు రవ్వను కడిగి, నీళ్లు పిండేసి అందులో కలపాలి. ఉప్పు, జీలకర్ర. మందపాటి ఇనప మూకుడులో రెండు చెంచాల నూనె వేసి, రెండు వేళ్ల మందాన పిండి పోసి, మూత పెట్టి సన్న సెగ మీద పావుగంట. అడుగు ఎర్రగా కరకరలాడాక తిరగేయండి. ఒక్క రొట్టెను నాలుగు ముక్కలు చేస్తే ఇద్దరికి కడుపు నిండుతుంది. పిల్లలు చేమదుంపల పులుసుతో తింటారు. మామయ్యగారికి మాత్రం చెరకు పానకమే కావాలి.

గోదావరికి వరదొచ్చినప్పుడు

జూలై, ఆగస్టుల్లో లంకల్లోని పాదులు నీళ్లలో మునిగితే దొండకాయ, బీరకాయ, వంకాయ మార్కెట్‌కు రావు, వచ్చినా మన చేతికి అందవు. జూన్‌లోనే సరుకు చూసుకోవాలి. మా ఇంట్లో అప్పటికి కందిపప్పు, పాత చింతపండు, బొబ్బర్లు, శనగలు, ఉలవలు, రెండు పెద్ద గుమ్మడికాయలు, ఒక కంద, వడియాలు, ఊరమిరపకాయలు ఉంటాయి. బొబ్బర్లను రాత్రి నానబెట్టి, పొద్దున ఉడికించి, గుమ్మడి ముక్కలతో కలిపి, కాస్త బెల్లం పడేసి పులుసు పెడితే అందులోనే పప్పూ కూరా అన్నీ ఉంటాయి. శనగలైతే కంద కూరకు చెప్పిన కొబ్బరి మసాలాలోనే వండుతాను.

ఉలవల్ని మాత్రం పది గంటలు నానబెట్టి, కుక్కర్లో నీళ్లు ఎక్కువ పోసి, గింజ వేళ్ల మధ్య నలిగేదాకా ఉడికించండి. ఆ నీళ్లు వార్చి చింతపండు రసంతో సగమయ్యేదాకా మరిగిస్తే చారు. మిగిలిన గింజలకు ఎండుమిర్చి, వెల్లుల్లి పోపు పెట్టి, పైన పచ్చి కొబ్బరి కోరి, కబడ్డీ ఆడి వచ్చినవాడి ముందు గిన్నెతో పెడతాను. బజ్జీల బండి దాకా వెళ్లే పని తప్పుతుంది.